36 పుల్లల పనితనం

సైకిల్‌కు కరెంటు మోటారు బిగించే కిట్టు అమ్మేవాళ్లు చెప్పే మాట ఒకటుంది: పానా పట్టుకోవడం వస్తే చాలు, అరగంట పని అని. నిన్న మొన్న కొన్న సైకిల్ అయితే ఆ మాటలో అబద్ధం లేదు. పాత చక్రం తీసి మోటారున్న చక్రం ఎక్కించడం, బ్యాటరీ కట్టడం, నాలుగు వైర్లు కలపడం, అంతే. తిరువళ్లూరు నుంచి తిరుత్తణి దాకా ఉన్న ఊళ్లలో పాలక్యాన్లూ పడుగు చుట్టలూ అరటి గెలలూ మోసే సైకిళ్ల సంగతి వేరు. రాడ్ బ్రేకులు, 28 అంగుళాల చక్రాలు, వెనక బరువైన ఇనుప క్యారియరు ఉన్న నల్ల సైకిళ్లు అవి. వాటిని చేసినవాళ్లు ముందుచక్రంలో మోటారు వస్తుందని కల కూడా కని ఉండరు. అలాంటిదానికి కిట్టు ఎక్కించాలంటే కరెంటు తెలిసినవాడి కన్నా చక్రం తెలిసినవాడు కావాలి. తిరుత్తణిలో ఒక సైకిల్ మేస్త్రీ ఈ పని చేస్తుంటే దగ్గర కూచుని చూశాక నాకు కలిగిన నమ్మకం ఇది.

ఆ ఊరు తెలుగువాళ్లకు పరాయిదేమీ కాదు. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు తగవులో పటాస్కర్ చేసిన సిఫారసుల ప్రకారం 1960 ఏప్రిల్ 1న ఆ సరిహద్దు మారేదాకా తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోదే. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన ఊరు. ఇప్పుడు తిరువళ్లూరు జిల్లాలో ఉంది. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం మాట్లాడే కుటుంబాలు తిరుత్తణి, పళ్లిపట్టు తాలూకాల్లో ఇప్పటికీ ఉన్నాయి. మగ్గాల ఊళ్లూ దగ్గర్లోనే. చెన్నై నుంచి తిరుపతి వెళ్లే రోడ్డు తిరువళ్లూరు, కనకమ్మసత్రం మీదుగా తిరుత్తణి చేరుతుంది. తిరువళ్లూరు నుంచి తిరుత్తణికి 40 కిలోమీటర్ల పైచిలుకు.

సైకిళ్ల లెక్కలో కూడా ఈ ప్రాంతానికి ఒక వంశవృక్షం ఉంది. మురుగప్ప కుటుంబం, ఇంగ్లండుకు చెందిన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ సంస్థ కలిసి 1949లో టీఐ సైకిల్స్‌ను పెట్టింది అంబత్తూరులో. చెన్నై నుంచి తిరువళ్లూరు వచ్చే రైలుదారిలో తగిలే ఊరే అది. మన తాతలు కట్నంగా అడిగిన హెర్క్యులిస్, ఫిలిప్స్, ఆ తర్వాత బీఎస్ఏ, ఇవన్నీ ఆ కార్ఖానా పేర్లే. వీటికి తోడు, తమిళనాడు ప్రభుత్వం 11వ తరగతి పిల్లలకు ఉచితంగా ఇచ్చే సైకిళ్లు. చదువైపోగానే వాటిలో చాలా గోడకు ఆనించినవి ఆనించినట్టే ఉంటాయి. అంటే ఈ ఊళ్లలో సైకిళ్లకు కొదవ లేదు. తొక్కే మోకాళ్లకే కొదవ.

నేను చూసిన సైకిల్ యజమాని ఒక పెద్దాయన, నేతపని చేసినవాడు. కిట్టు పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. మేస్త్రీ పెట్టె వైపు చూడలేదు. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి ముందుచక్రం పుల్లలు లెక్కపెట్టాడు.

"రిమ్ముకు ఎన్ని కన్నాలుండాయో సూసినావా మామా?"

"అది కూడా సూడాల్నా అబ్బయ్యా?"

చూడాల్సిందే. కిట్లలో వచ్చే మోటారు హబ్బులకు ఎక్కువగా 36 కన్నాలుంటాయి. పాత నల్ల సైకిళ్లకు ఇంగ్లండు నుంచి వచ్చిన లెక్క వేరు: ముందు 32, వెనక 40. రెండూ కలిపితే 72, మోటారు చక్రాలు రెండుంటే వాటికీ 72. కానీ విడివిడిగా ఏ చక్రానికీ పొత్తు కుదరదు. కాబట్టి పాత రిమ్ము పనికిరాదు. కిట్టుతో వచ్చిన 26 అంగుళాల చక్రాన్నే ఎక్కిద్దామంటే బ్రేకు అందదు. రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్మును పక్కల నుంచి పట్టవు, లోపలి వైపు నుంచి పైకి లేచి ఒత్తుకుంటాయి. వాటికి తగిన వంపున్న రిమ్మే ఉండాలి, సైజు మారితే రబ్బరు గాలిలో ఆగిపోతుంది. మేస్త్రీ అదే వంపుతో 36 కన్నాల 28 అంగుళాల రిమ్ము తెప్పించాకే పనికి దిగాడు. అది వచ్చేదాకా పెట్టె విప్పలేదు కూడా. ముందు మోటారు పెట్టేసి బ్రేకు సంగతి తర్వాత చూద్దాం అనే రకం కాదు ఆయన.

మోటారు ముందుచక్రానికే ఎందుకు? వెనకైతే చైను, ఫ్రీవీలు, 40 పుల్లల చక్రం అన్నీ కదిలించాలి. పైగా వెనక ఫోర్కు సందు ఇరుకు. వెనక మోటార్లకు మామూలుగా కావలసిన 135 మిల్లీమీటర్లు ఇవ్వాలంటే ఫ్రేమునే విడదీయాలి. ఉక్కు కాబట్టి విడదీస్తే వస్తుంది, కానీ బరువు మోసే సైకిల్‌కు ఆ పని ఎందుకని ఆయన వాదన. ముందు మోటారుకు 100 మిల్లీమీటర్లు చాలు. ఇసుకలో, తడి మట్టిలో ముందుచక్రం గిర్రున జారుతుందన్న లోపం ఒకటుంది. అది ఆయన దాచలేదు. "ఇసకలో దిగి తోసుకోని పో మామా" అని ముందే చెప్పేశాడు.

ఇక పుల్లలు. మోటారు చక్రం అల్లడం మామూలు చక్రం అల్లడం కాదు. మామూలు హబ్బు పిడికిట్లో పడుతుంది. పుల్లలు పొడుగ్గా ఉంటాయి, ఒక్కో పుల్ల మూడు పుల్లలను దాటి రిమ్ముకు చేరుతుంది. మోటారు హబ్బు చుట్టుకొలత చాలా పెద్దది. పుల్లలు పొట్టివైపోతాయి. పాత అలవాటున మూడు దాటిస్తే పుల్ల రిమ్ములోకి ఏటవాలుగా దూరుతుంది, దాన్ని రిమ్ముకు బిగించే నిపిల్ దగ్గర వంగుతుంది, కొన్నాళ్లకు అక్కడే తెగుతుంది. అందుకని ఒక్కటే దాటించాలి. పుల్ల కూడా కొంచెం లావుపాటిది కావాలి, ఎందుకంటే మోటారు లాగే లాగుడంతా పుల్లల మీదే పడుతుంది. పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వచ్చినా చిక్కే: ఎక్కువైతే నిపిల్ దాటి ట్యూబును పొడుస్తుంది, తక్కువైతే మరలు చాలినన్ని పట్టవు.

అల్లిక ఎలా సాగిందో చెబుతాను. 36లో సగం, అంటే 18, హబ్బు కుడి అంచుకు. 18 ఎడమ అంచుకు. ఆ 18లో 9 పుల్లల తలలు బయటికి, 9 తలలు లోపలికి. అంటే మొత్తం నాలుగు జట్లు, జట్టుకు తొమ్మిది. మొదటి జట్టు పుల్లల్ని రిమ్ముకు నాలుగో కన్నం చొప్పున వేసుకుంటూ పోయాడు. ఎక్కడ మొదలుపెట్టాలన్నది వాల్‌ట్యూబు కన్నం నిర్ణయిస్తుంది. దానికి ఇరుపక్కలా ఉన్న పుల్లలు ఒకదానికొకటి ఎదురురాకుండా ఎడంగా ఉండాలి, లేకపోతే గాలిపంపు మూతి దూరదు. మొదటి పుల్ల ఒక కన్నం అటూఇటూ పడితే చక్రం బాగానే వస్తుంది, తిరుగుతుంది కూడా; గాలి కొట్టే రోజున గానీ తప్పు బయటపడదు. రెండో జట్టు పడేటప్పటికి పెద్దాయన ముందుకు వంగాడు. మూడో జట్టులో ఒక పుల్ల కిందనుంచి పోవాల్సింది పైనుంచి పోతే తనే వేలు పెట్టి చూపించాడు. "ఇది మా పడుగు పోసినట్టే ఉండాదే" అన్నాడు. నేతపని చేసిన కన్ను అల్లికలో తప్పును ఊరికే పోనివ్వదు.

తర్వాత బెండు తీయడం. చక్రాన్ని ఫోర్కులో తిప్పుతూ ఒక చాక్‌పీసును రిమ్ముకు ఆనీ ఆనకుండా పట్టుకున్నాడు. బయటికి పొంగిన చోట తెల్లటి గీత పడింది. గీత ఉన్నచోట రెండో వైపు పుల్లను పావు చుట్టు బిగించడం, ఈ వైపుది అంతే వదులు చేయడం. మళ్లీ తిప్పడం, గీత తుడవడం, మళ్లీ పట్టుకోవడం. ఒక చుట్టు పూర్తిగా ఎక్కడా తిప్పలేదు, పావు చొప్పునే. పక్కకు ఊగడం పోయాక పైకీ కిందికీ ఎగరడం చూశాడు. అది మరీ మొండిది, ఎందుకంటే దాన్ని సరిచేయబోతే పక్క ఊపు మళ్లీ వస్తుంది. చివరికి రెండు వేళ్లతో ఒక్కో పుల్లనూ మీటుతూ చుట్టూ వచ్చాడు. ఒకే వైపు పుల్లలన్నీ దాదాపు ఒకే శ్రుతిలో పలకాలి. మంద్రంగా పలికిన పుల్ల వదులుగా ఉన్నట్టు. ఆ పుల్ల చేయని పని పక్క పుల్లలు చేస్తాయి, ముందు తెగేది పక్కదే. ఇరవై వేలు పోసి కొన్న కిట్టును కూడా ఒక్క పుల్ల రోడ్డున పడేస్తుంది.

ఫోర్కు దగ్గర ఆకురాయి బయటికి తీశాడు. పాత సైకిల్ ముందు ఇరుసు సన్నం, సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు. దానికి తగ్గట్టే ఫోర్కు గాడి. మోటారు ఇరుసు 12 మిల్లీమీటర్ల మరల కడ్డీ, రెండు వైపులా చదును చేసి 10 మిల్లీమీటర్లకు దించినది. గాడిని వెడల్పు చేయాలి, లోతు చేయకూడదు. రెండు గోడలనూ సమానంగా రాయాలి, ఒకటే రాస్తే చక్రం పక్కకు కూచుంటుంది. ఆయన ఇరుసు చదును మీద కొంచెం గ్రీజు మసి పూసి గాడిలోకి దించి బయటికి తీసేవాడు. మసి అంటిన చోటే రాయాలి, అంటని చోట ఆకురాయి తగలకూడదు. ఇంతా చేస్తే తీసింది గోరంత ఇనుము. బిగించేటప్పుడు ఇరుసు చేత్తో తోస్తే దిగలేదు. అరచేత్తో ఒక్కటి చరిస్తే దిగింది. ఆ బిగువే కావాలి.

ఎందుకంత బిగువు? మోటారు చక్రాన్ని ఎంత బలంగా ముందుకు తిప్పుతుందో, ఇరుసును అంతే బలంగా వెనక్కి తిప్పాలని చూస్తుంది. 250 వాట్ల గేర్ల మోటారు బయల్దేరేటప్పుడు ఇచ్చే మెలిబలం 30, 40 న్యూటన్ మీటర్ల దాకా ఉంటుంది. వినడానికి చిన్న సంఖ్యే. కానీ దాన్ని ఆపవలసింది సెంటీమీటరు ఎడంగా ఉన్న రెండు చదునులు. అంత చిన్న చోట ఆ బలం రెండు మూడు వందల కిలోల నొక్కుడుకు సమానం. గాడి వదులుగా ఉంటే ఇరుసు రోజుకింత చొప్పున గోడలను నలుపుతుంది. ఒకరోజు గిర్రున తిరిగి, బోలు ఇరుసులోంచి వచ్చే వైర్లను మెలేసి తెంపి, చక్రాన్ని ఫోర్కు నుంచి వదిలేస్తుంది. ముందుచక్రం ఊడడమంటే పళ్లు రాలడమే. అందుకే ఐదు మిల్లీమీటర్ల ఇనుప పట్టీకి ఇరుసు ఆకారంలోనే కన్నం రాసి, దాన్ని ఇరుసుకు తొడిగి, రెండో కొసను ఫోర్కు కాలికి క్లాంపుతో కట్టాడు. మెలిబలాన్ని ఇప్పుడు గాడి గోడలు కాదు, జానెడు పొడవున్న పట్టీ మోస్తుంది. ఇలాంటి పట్టీ లేకుండా ముందు మోటారు బిగించేవాడి దగ్గరికి నేనైతే సైకిల్ తీసుకుపోను.

చక్రంలోనే మోటారు పెట్టాలన్న ఊహ కొత్తదనుకుంటే పొరపాటు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం కాంటన్ ఊరివాడు ఆగ్డెన్ బోల్టన్ 1895 డిసెంబర్ 31న పేటెంటు పొందిన సైకిల్‌లో వెనక హబ్బులో మోటారు, ఫ్రేము మధ్య బ్యాటరీ ఉన్నాయి. 10 వోల్టుల బ్యాటరీ నుంచి 100 ఆంపియర్ల దాకా లాగవచ్చని రాశాడు. గేర్లు లేవు. ఊహ అప్పుడే సంపూర్ణం. లేనిదల్లా మోయదగ్గ బ్యాటరీ. తొక్కుడును పసిగట్టి అందుకు తగ్గట్టు సాయపడే పద్ధతిని 1993లో యమహా బజారుకు తెచ్చింది. లిథియం అయాన్ బ్యాటరీ కనిపెట్టిన ముగ్గురికి 2019లో నోబెల్ వచ్చింది. ఇప్పటి హబ్బు మోటారు లోపల చిన్న నైలాన్ గేర్లుంటాయి. లోపలిది నాలుగైదు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. దాంతోపాటు ఒకవైపే పట్టే క్లచ్చు ఉంటుంది కాబట్టి, బ్యాటరీ అయిపోయినా మోటారును ఈడ్చుకుంటూ తొక్కాల్సిన ఖర్మ లేదు. ఇరవై కిలోల పైబడిన నల్ల సైకిల్‌కు ఇది చిన్న దయ కాదు.

వైర్ల పని అందరూ భయపడేది, నిజానికి అన్నింటిలోకీ తేలిక. మూడు లావు వైర్లు మోటారు చుట్టలకు. ఐదు సన్న వైర్లు మోటారులో తిరిగే భాగం ఎక్కడుందో చెప్పే హాల్ సెన్సర్లకు. మోటారు ఒక కంపెనీది, కంట్రోలరు ఇంకో కంపెనీది అయితే పసుపు, పచ్చ, నీలం రంగులు కలిసినా మోటారు తిరక్కుండా వణుకుతుంది. అప్పుడు రంగుల్ని మార్చి చూడాలి. చక్రం గాలిలో ఉంచి, థ్రాటిల్ కొంచెమే తిప్పి చూడాలి, ఎక్కువ తిప్పితే కంట్రోలరు కాలుతుంది. ఆయన మాత్రం రంగుల కన్నా వైరు పోయే దారి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాడు. ఇరుసులోంచి బయటికొచ్చిన వైరును నేరుగా పైకి ఎక్కించలేదు. ముందు ఇరుసు కన్నా కిందికి ఒక వంపు దించి, అప్పుడు పైకి తీసుకుపోయి కట్టాడు. తమిళుల ఐప్పసి, కార్తీక మాసాల వానల్లో వైరు వెంబడి జారే నీరు ఆ వంపు అడుగున బొట్లుగా రాలిపోతుంది, మోటారులోకి పోదు. ఖర్చు లేని పని. కిట్టు కాగితంలో లేని పని కూడా.

తొక్కుడు సెన్సరుది మరో కథ. దాని అయస్కాంతాల బిళ్ల పెడల్ ఇరుసుకు తొడగాలి. పాత సైకిళ్లలో పెడల్ కర్ర కాటర్ పిన్నుతో బిగిసి ఉంటుంది. దాన్ని సుత్తితో కొట్టి తీయాలి. ఉత్తినే కొడితే లోపలి బాల్సు గిన్నె చెడుతుంది. ఆయన పెడల్ కర్ర కింద ఒక ఇనుప గొట్టాన్ని నేలకు ఆనించి, దెబ్బ నేల మీదికి పోయేలా చేసి ఒకే ఒక్కటి కొట్టాడు. పిన్ను వచ్చేసింది. ఇక బ్రేకు నొక్కగానే మోటారు ఆగాలి కదా. కిట్టుతో వచ్చిన బ్రేకు పిడులు తీగ బ్రేకులవి, రాడ్ బ్రేకుకు సరిపోవు. వాటిని పక్కన పడేసి, బ్రేకు రాడ్డు పైకి లేచేచోట నొక్కుడుపడే చిన్న స్విచ్చు బిగించాడు. ఇదంతా ఆయన ఎక్కడా నేర్చుకోలేదు, సైకిల్ తెలుసు కాబట్టి తట్టింది.

బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవున్న సెల్లులు వరసకు పదేసి. లెక్క కడితే 360 వాట్ అవర్లు. నింపడానికి అర యూనిట్ కరెంటు కూడా పట్టదు. చదును రోడ్డు మీద మనిషీ సైకిలూ కలిపి 100 కిలోలు ఉంటే 20 కిలోమీటర్ల వేగానికి కావలసింది సుమారు 100 వాట్లు. మామూలు మనిషి గంటల తరబడి ఇవ్వగలిగేది 75 దాకా. అంటే మోటారు కొరత పూడ్చేదే గానీ కాలికి సెలవిచ్చేది కాదు. తొక్కకుండా కూచుంటే తిరుత్తణి నుంచి తిరువళ్లూరు చేరడం అనుమానమే; తొక్కుతూ పోతే హాయిగా చేరవచ్చు. ఎత్తుల దగ్గర ఈ తేడా ఇంకా తెలుస్తుంది. నూటికి ఐదడుగులు లేచే ఎత్తును గంటకు 12 కిలోమీటర్లతో ఎక్కాలంటే 200 వాట్లకు దగ్గర పడుతుంది. తొక్కి సాయం చేయకపోతే మోటారు నెమ్మదిస్తుంది, నెమ్మదించిన మోటారు వేడెక్కుతుంది. మురుగన్ గుడి ఉన్న తిరుత్తణి కొండకు మెట్లు 365. ఆ కొండ రోడ్డు ఎక్కేటప్పుడు మురుగన్‌ను తలుచుకుంటే చాలదు, పెడల్ కూడా తొక్కాలి.

ఎండ సంగతి ఒక్కమాట. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్ల జాబితాలో తిరుత్తణి పేరు తరచుగా కనిపిస్తుంది. లిథియం సెల్లులను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జింగ్ పెట్టకూడదు. నల్ల పెట్టెలో ఉన్న బ్యాటరీ ఎండలో నిలిచిన సైకిల్ మీద ఆ వేడిని సులువుగా దాటుతుంది. అందుకే మేస్త్రీ దాన్ని క్యారియరు మీద కాక ఫ్రేము మధ్యలో, తాళం తీస్తే చేతికొచ్చేలా పెట్టాడు. ఇంటికి రాగానే తీసి నీడలో చల్లారనిచ్చి అప్పుడు చార్జింగ్ పెట్టమన్నాడు. బరువు మధ్యలో ఉండడం వల్ల హ్యాండిలు కూడా తేలిగ్గా తిరుగుతుంది.

చట్టం కూడా తెలిసి ఉండాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోల లోపు ఉంటే అది మోటారు వాహనం కాదు. ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్రది ఉండాలి. అయితే అధీకృత పరీక్షా సంస్థ ధ్రువీకరించాలన్న షరతు కూడా ఆ నియమంలోనే ఉంది, కాబట్టి కొనేటప్పుడు ఆ కాగితం అడగండి. 500 వాట్లు, 1000 వాట్లు అని ఊరించే కిట్లు పాత ఫోర్కుకూ ప్రమాదమే, చట్టానికీ పొసగవు. 2022 ఫిబ్రవరిలో గురుసౌరభ్ సింగ్ అనే ఆయన మామూలు సైకిల్‌ను కరెంటుతో నడిపేలా చేసిన పరికరాన్ని పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రా మెచ్చుకోవడంతో దేశమంతా ఈ విషయం మీద మాట్లాడుకుంది. అది చక్రాన్ని ముట్టుకోకుండా పెడల్ దగ్గరే బిగించేది, తెలివైన దారే. కానీ ఇవాళ బజారులో సులువుగా దొరికేవి హబ్బు మోటారు కిట్లే కాబట్టి, చక్రం అల్లేవాడి అవసరం ఎక్కడికీ పోలేదు.

అందుకని కిట్టుకు డబ్బు కట్టే ముందు సైకిల్‌ను మీ ఊరి మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లండి. పుల్లలు ఎన్నో, ఫోర్కు సందు ఎంతో, ఇరుసు పట్టీ వేస్తాడో లేదో అడగండి. అల్యూమినియం ఫోర్కు అయితే ముందు మోటారు ఆలోచన మానుకోండి. ఆయన చెప్పిన కొలతలు కాగితం మీద రాసుకుని, వాటికి సరిపోయే కిట్టే కొనండి. బేరం ఏదైనా ఉంటే కిట్టు అమ్మేవాడి దగ్గర ఆడండి, మేస్త్రీ అడిగిన కూలి మాత్రం అడిగినంతా ఇవ్వండి.